పెట్టినప్పుడు బాగానే నడిచింది!

ఫొటోలో మెరుస్తుంది. ప్రకటనలో మురిపిస్తుంది. కొని ఇంటికి తెచ్చుకున్నాక ఏళ్లకేళ్లు షెడ్డులోనే కూర్చుంటుంది. అమెరికాలో పాత ట్రక్కుల మోజు మన పిల్లలకూ అంటుకుంటోంది. నాలుగు ఫొటోలు, పది వాక్యాలు చూసి బండి గుణం పసిగట్టడం ఎలా?

‘1970 షెవర్లే సీ-10 పికప్. ఒరిజినల్ వీ-8 ఇంజిన్. పొట్టి తొట్టి మోడల్. తుప్పు దాదాపు లేదు. మైళ్లు 63 వేలే. షెడ్డులో పెట్టినప్పుడు బాగానే నడిచింది. చిన్నచిన్న పనులు చేయించుకుంటే చాలు. ధర 6,500 డాలర్లు. బేరాలాడేవాళ్లు ఫోన్ చేయొద్దు. దీని విలువేంటో నాకు తెలుసు!’

ఇది మేం ఊహించి రాసిన ప్రకటన. కానీ అమెరికాలో పాత బండ్లు అమ్మే ఏ వెబ్‌సైటు తెరిచినా ఇంచుమించు ఇవే మాటలు కనిపిస్తాయి. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఓ ఆదివారం పొద్దున దీన్ని వాట్సప్‌లో పంపిస్తాడు.

‘నాన్నా, తీసుకుందామనుకుంటున్నా. ఎలా ఉంది?’

‘ఇలాంటివి ఇక్కడ పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తాం కదరా!’

నాన్న మాటలో నిజం లేకపోలేదు. అబ్బాయి సరదాలోనూ తప్పు లేదు. తేల్చుకోవాల్సిందల్లా ఒక్కటే... అది బాగుచేసుకోదగ్గ బండా, ఇనుప సామానా? కొంత ఓపిక పడితే ఆ సంగతి చాలావరకు ప్రకటన చూసే తేల్చేయొచ్చు.

ఎందుకంత మోజు?

మనకు ట్రక్కంటే లారీ. అమెరికన్లకు మాత్రం ముందు క్యాబిన్, వెనక తొట్టి ఉండే పికప్. పొలానికీ అదే, వడ్రంగి పనికీ అదే, ఆదివారం చర్చికీ అదే. వాటిలో 1967 నుంచి 1972 వరకూ వచ్చిన షెవర్లే సీ-10కి అభిమానులు ఎక్కువ. చూపులకు బాగుంటుంది. బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన మనిషి నిలబడేంత చోటుంటుంది. కంప్యూటర్లూ సెన్సర్లూ ఏమీ లేవు. స్పానర్లు పట్టుకోవడం వస్తే సగం పని వచ్చినట్టే. రేకుల దగ్గర్నుంచి రబ్బర్ల దాకా కొత్తగా తయారుచేసిన విడిభాగాలూ దొరుకుతాయి.

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు శనివారం చేతికి గ్రీజు అంటించుకోవడం ఓ ఆనందం. సగంలో ఉన్న ఇలాంటి బండిని అక్కడ ‘ప్రాజెక్ట్’ అంటారు. అయితే అమ్మకానికి వచ్చిన ప్రతి ప్రాజెక్టూ ఇంతకుముందు ఎవరో సరదాగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసిందే. అతనెందుకు వదిలేశాడో కనిపెట్టగలిగితే ప్రకటనను చదవడం వచ్చినట్టే.

కనిపించని ఫొటోలు

సంబంధం చూసేటప్పుడు ఫొటోలో అబ్బాయి ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి ఉంటే పెద్దవాళ్లకి అనుమానం వస్తుంది. బండి విషయంలోనూ అంతే. పెట్టిన ఫొటోలకన్నా పెట్టని ఫొటోలు ఎక్కువ విషయాలు చెబుతాయి.

పన్నెండు ఫొటోలున్నాయనుకుందాం. తొమ్మిది ఎడమవైపు నుంచే తీశారు. కుడివైపు ఏమైంది? తొట్టి నిండా సామాన్లు ఉన్నాయి, లేదంటే పట్టా పరిచి ఉంది. దాని కిందేముంది? లోపల సీటు కనిపిస్తుంది, కాళ్ల దగ్గర మాత్రం మ్యాట్ వేసి ఉంది. మ్యాట్ కింద రేకు ఉందా, రోడ్డు కనిపిస్తోందా? బండి అడుగుభాగం ఫొటో ఒక్కటీ లేదంటే అదే అన్నిటికన్నా పెద్ద సమాధానం.

బండి తడిగా ఉన్న ఫొటోలతోనూ జాగ్రత్త. నీళ్లు చల్లితే వెలిసిపోయిన రంగు కూడా నిగనిగలాడుతుంది. అడుగున కొత్తగా నల్ల రంగు దట్టంగా కొట్టి ఉంటే అది రక్షణ కోసం కావచ్చు, దాచడం కోసమూ కావచ్చు. చక్రాల చుట్టూ మోకాలెత్తు గడ్డి పెరిగిందంటే కదిలి చాలాకాలమైందని అర్థం. ఒక ఫొటోలో చెట్టు నిండా ఆకులుండి, మరోదాంట్లో మంచు కనిపిస్తే నెలల తరబడి ఎవరూ కొనలేదన్నమాట. చూసి వెళ్లినవాళ్లు ఎందుకు వద్దన్నారో ఆలోచించాలి.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది?

పాత బండి కొనేవాళ్లలో చాలామంది మొదట ఇంజిన్ గురించి అడుగుతారు. అనుభవం ఉన్నవాళ్లు మొదట రేకు గురించి అడుగుతారు. ఇంజిన్ పాడైతే దించి ఇంకోటి బిగించొచ్చు. క్యాబిన్ తుప్పు పట్టిపోతే మిగిలేది నంబరు ప్లేటే!

సీ-10లో తుప్పు పట్టే చోట్లు ఎప్పుడూ ఒక్కటే. తలుపు కింద పొడవునా ఉండే రాకర్ ప్యానల్, క్యాబిన్ వెనక కింది మూలలు, ముందు చక్రాల వెనకుండే మడ్‌గార్డు కింది భాగం, కాళ్ల కింద రేకు, క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించే చోట్లు, ముందు అద్దం కింది మూలలు, తలుపు పైన వాననీరు జారిపోయే సన్నటి గాడి. వీటిలో చివరి రెండూ ప్రమాదకరం. మూలల రేకులు కొత్తవి దొరుకుతాయి, కోసి అతికించొచ్చు. అద్దం చుట్టూ, పైకప్పు అంచునా తుప్పు తినేస్తే మాత్రం అది చెయ్యి తిరిగిన టింకరింగ్ మేస్త్రీలకూ తలనొప్పే. అమెరికాలో రేకు ధర పదుల డాలర్లలో ఉంటే దాన్ని అతికే కూలి వందలూ వేలలో ఉంటుంది. అక్కడ గంటల లెక్కన వసూలు చేస్తారు మరి!

ఫొటోను పెద్దది చేసి చూడండి. తలుపు చుట్టూ సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా? కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే క్యాబిన్ కుంగిందేమో అనుమానించాలి. రంగు కింద చిన్నచిన్న పొక్కులు కనిపిస్తే లోపల్నుంచి తుప్పు బయటికొస్తోందన్నమాట. మూల దగ్గర అంచు మొద్దుగా, గుండ్రంగా ఉంటే రేకు మీద లప్పం దట్టించి ఉండొచ్చు. దీనికో సులువైన పరీక్ష ఉంది. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఇనుముకు అతుక్కుంటుంది, లప్పానికి అతుక్కోదు. వీడియో కాల్‌లో ఆ మూలల మీద అయస్కాంతం పెట్టి చూపించమనండి. అమ్మేవాడు నవ్వుతూ పెట్టాడంటే సగం భయం పోయినట్టే.

బండి ఎక్కడ బతికిందన్నది కూడా ముఖ్యం. మిషిగన్, ఒహాయో లాంటి మంచు రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరే ఇనుముకు శత్రువు. ఆరిజోనా, న్యూమెక్సికో లాంటి పొడి ప్రాంతాల బండ్లలో రంగు ఎండకు మాడిపోయినా రేకు గట్టిగా ఉంటుంది. అందుకే ‘ఇప్పుడు టెక్సస్‌లో ఉంది’ అంటే సరిపోదు. అంతకుముందు ఎక్కడుందో అడగాలి. టెక్సస్‌లోనూ హ్యూస్టన్ చుట్టుపక్కల బండయితే 2017లో హార్వీ తుపాను వరదలో మునిగిందేమో కనుక్కోవాలి. సీటు కింద, డ్యాష్‌బోర్డు వెనక సన్నటి బురద పేరుకుని ఉంటే దాన్ని ఏ పాలిషూ దాచలేదు.

అంకెలు చెప్పే నిజాలు

అమ్మేవాడి మాటలు పక్కనపెట్టి అంకెలు చదవడం మొదలుపెడితే కథ మారిపోతుంది. మన ప్రకటనలోని ట్రక్కునే తీసుకుందాం.

‘63 వేల మైళ్లే తిరిగింది.’ ఆ కాలం మీటర్లో మైళ్లకు ఉండేవి అయిదంకెలే. 99,999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. కాబట్టి అది 63 వేలో, లక్షా 63 వేలో, రెండు లక్షల 63 వేలో మీటరును చూసి చెప్పలేం. బ్రేకు పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూస్తే కొంత తెలుస్తుంది.

‘ఒరిజినల్ వీ-8 ఇంజిన్.’ డ్రైవరు తలుపు తీస్తే పిల్లర్ మీద చిన్న రేకు ప్లేటు ఉంటుంది. దానిమీద ఉండేదే బండి గుర్తింపు సంఖ్య, అంటే వీఐఎన్. ఇప్పటి పదిహేడు అక్షరాల పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1967 నుంచి 1971 దాకా షెవర్లే ట్రక్కుల్లో మొదటి అక్షరం ‘సీ’ అయితే వెనక చక్రాలతో నడిచేది, ‘కే’ అయితే నాలుగు చక్రాలతో నడిచేది. రెండో అక్షరం ‘ఈ’ అయితే వీ-8, ‘ఎస్’ అయితే ఆరు సిలిండర్ల ఇంజిన్. అయిదో స్థానంలో ఉన్నది సంవత్సరం చివరి అంకె. ప్లేటు ఫొటో తెప్పించుకుంటే ‘సీఎస్140’ అని మొదలైందనుకోండి. అది 1970 బండే. కానీ ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చింది. వీ-8 తర్వాతెవరో బిగించారు. అది నేరమేం కాదు. ‘ఒరిజినల్’ అన్న మాటకు అడిగిన డాలర్లు మాత్రం ఇవ్వక్కర్లేదు.

‘పొట్టి తొట్టి మోడల్.’ సీ-10లో ఆరున్నర అడుగుల తొట్టి, ఎనిమిది అడుగుల తొట్టి అని రెండు రకాలు. పొట్టిదానికి గిరాకీ ఎక్కువ. దాంతో కొందరు పొడుగు బండి చాసిస్‌ను కోసి పొట్టిగా చేస్తారు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం పొట్టిదానికి 115 అంగుళాలు, పొడుగుదానికి 127. డ్యాష్‌బోర్డు అర తలుపు లోపల ఫ్యాక్టరీవాళ్లు అంటించిన కాగితంలో ఈ కొలత ఉంటుంది. అందులో 127 అని ఉండి, ఫొటోలో పొట్టి తొట్టి కనిపిస్తే చాసిస్ మీద కోత పడిందన్నమాట. కాకపోతే ఆ అర తలుపు వేరే బండిది కూడా కావచ్చు. అందుకే కాగితం మీదున్న వీఐఎన్, పిల్లర్ మీదున్న వీఐఎన్ ఒకటేనా అని సరిచూడాలి.

‘పోయినేడాది దాకా నడిచింది.’ టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. ‘2311’ అని ఉంటే 2011లో 23వ వారం తయారైన టైరు. నంబరు ప్లేటు మీదో, టెక్సస్‌లోనైతే ముందు అద్దం మీదో ఉండే రిజిస్ట్రేషన్ స్టిక్కర్ గడువు 2013తో ఆగిపోయిందనుకోండి. రెండూ కలిపి చదివితే ఆ బండి ఎప్పట్నుంచి పడుకుని ఉందో అంచనా దొరుకుతుంది. మనిషి జ్ఞాపకం పొరపడొచ్చు, టైరు పొరపడదు.

చిన్న పనే.. అయితే మీరే చేయొచ్చుగా!

ప్రకటనల భాషకో నిఘంటువు ఉంది. ‘పెట్టినప్పుడు నడిచింది’ అంటే ఇప్పుడు నడవట్లేదు. ‘చిన్న పనే’ అంటే అది చేసి అమ్మితే రెండింతల ధర వస్తుందని తెలిసినా ఆయన చేయలేదు. ‘90 శాతం పూర్తయింది’ అంటే మిగిలిన పది శాతం దగ్గరే ఆయన ఓపికో, డబ్బో అయిపోయింది. ‘విడిభాగాలన్నీ డబ్బాల్లో ఉన్నాయి’ అంటే ఏ బోల్టు ఎక్కడిదో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

అమ్మేవాళ్లంతా మోసగాళ్లని కాదు. చాలామంది నిజంగానే నమ్మి రాస్తారు. ఏళ్ల తరబడి గరాజ్‌లో ఉన్న బండి మీద ప్రేమ పెరిగిపోయి తుప్పు కంటికి ఆనదు. ఆయన ప్రేమకు మనం వెల కట్టాల్సిన పని లేదు, అంతే.

ఏళ్లపాటు ఆగిపోయిన బండిలో పెట్రోలు జిగురులా మారుతుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. ఇంజిన్ లోపల పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోవచ్చు. ‘ఇంజిన్ చేత్తో తిరుగుతోందా?’ అని అడగండి. క్రాంక్‌కు రెంచ్ పెట్టి తిప్పే వీడియో నిమిషంలో తీయొచ్చు. నడిచే బండయితే రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో అడగండి. పొగ గొట్టం కనిపించాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ చాలాసేపు వస్తే రేడియేటర్ నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో చూడాలి. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. దాన్ని కార్బ్యురేటర్ దగ్గర సర్దుకోవచ్చు.

చక్కగా విడదీసి మెరిసే రంగు కొట్టిన బండికన్నా, చూపులకు అసహ్యంగా ఉన్నా అన్నీ బిగించి ఉండి నడిచే బండే మేలు. దాన్ని నడుపుకుంటూ బాగు చేసుకోవచ్చు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఈ ట్రక్కుల్లో 1972 దాకా పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనకే ఉండేది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ప్రతి బండికీ వచ్చింది 1971లోనే. పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనుకుంటే ట్యాంకును తొట్టి కిందికి మార్చడం, బ్రేకులు, బెల్టులు కొత్తవి వేయించడం కూడా ఖర్చులో రాసుకోవాల్సిందే.

కాగితం లేకపోతే ఇనుమే

అమెరికాలో బండికి ‘టైటిల్’ ఉంటుంది. మన ఆర్సీలాగా యజమాని ఎవరో చెప్పే పత్రం. టైటిల్ మీదున్న పేరు, అమ్మేవాడి పేరు ఒకటేనా? అప్పు ఇచ్చినవాళ్ల హక్కు ఇంకా మిగిలుందా? టైటిల్ మీదున్న అంకెలు, పిల్లర్ మీద అంకెలు సరిపోతున్నాయా? ప్లేటు రివెట్లు ఊడదీసి మళ్లీ బిగించినట్టున్నాయా? ఈ నాలుగూ తేలకుండా ఒక్క డాలరు కూడా పంపకూడదు.

‘టైటిల్ పోయింది, సులభంగా వచ్చేస్తుంది’ అంటే, అంత సులభమైతే ఆయన్నే తెప్పించి ఇమ్మనండి. టెక్సస్‌లో టైటిల్ లేని బండికి పూచీకత్తు మీద టైటిల్ తెచ్చుకునే వీలుంది. దానికి బండి విలువకు ఒకటిన్నర రెట్లకు బాండు తీసుకోవాలి. ఆ తిప్పలన్నీ కొన్నవాడివే.

అసలు బండే లేని ప్రకటనలూ ఉంటాయి. మార్కెట్లో కన్నా సగం ధర, ఊళ్లో లేనంటూ సాకు, అడ్వాన్సు పంపిస్తే ఇంటికే చేరుస్తామన్న మాట, గిఫ్ట్ కార్డుల్లో డబ్బు కట్టమనడం... వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపేయాలి. ఈరోజు తేదీ రాసిన కాగితం బండి అద్దం మీద పెట్టి ఫొటో తీసి పంపమంటే బండి ఉన్నవాడికి అదో పెద్ద పని కాదు.

లెక్క తేలాకే ప్రేమ

కాగితాలు బాగున్నాయి, రేకూ ఫర్వాలేదు. అప్పుడు తెల్లకాగితం తీసుకుని రాయాలి. బండి ధర, ఇంటికి తెచ్చే రవాణా, రేకు పని, రంగు, ఇంజిన్, బ్రేకులు, టైర్లు, వైరింగు, అద్దాలు, సీట్లు. మొత్తానికి మూడోవంతు కలపాలి. పాత బండిలో ఒక పని విప్పితే రెండు పనులు బయటపడతాయి. ఆ మొత్తం పక్కనే, అప్పటికే బాగుచేసి నడుస్తున్న అదే మోడల్ ధర రాయాలి. చాలాసార్లు రెండోదే చవకని తేలుతుంది. ఎందుకంటే దాన్ని బాగుచేసినవాడు తన కష్టానికి కూలి కట్టుకోలేడు.

అయినా ప్రాజెక్టే కావాలంటే తప్పేం లేదు. అప్పుడు అది పెట్టుబడి కాదు, సరదా. సరదాకు ఎంత ఖర్చు పెట్టొచ్చో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. శనాదివారాలు ఎన్ని దానికే పోతాయో కూడా!

మన దగ్గరైతే...

పాత జీపో, అంబాసిడరో ఆన్‌లైన్‌లో చూసి ముచ్చటపడే మనవాళ్లకూ సూత్రం ఇదే. ముందు కాగితం, తర్వాత రేకు, చివర్లో ఇంజిన్. ఆర్సీలో ఉన్న చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద అంకెలతో సరిపోవాలి. చాసిస్ నంబరును పెన్సిల్‌తో కాగితం మీదికి అచ్చు తీయించుకుంటే అంకెలు దిద్దారేమో తెలుస్తుంది. ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, వేరే రాష్ట్రం బండయితే ఎన్ఓసీ, పేరు మార్పుకు ఫారం 29, 30 తప్పనిసరి. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. అవి సొంత వాడకానికున్న ద్విచక్ర వాహనాలకు, కార్లకే గానీ లారీలకు కాదు.

డబ్బు పంపేముందు తెప్పించుకోవాల్సినవి

* వీఐఎన్ ప్లేటు, టైటిల్ ఫొటోలు
* ఈరోజు తేదీతో బండి ఫొటో
* రెండువైపులా క్యాబిన్ కింది మూలలు, రాకర్ ప్యానళ్లు
* మ్యాట్ తీసేసి కాళ్ల కింద రేకు
* బండి కింద నుంచి చాసిస్, ముఖ్యంగా క్యాబిన్‌కూ వెనక చక్రానికీ మధ్య భాగం
* అర తలుపు లోపలి కాగితం
* టైరు మీద చివరి నాలుగంకెలు
* చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో, లేదంటే ఇంజిన్ చేత్తో తిప్పిన వీడియో

మళ్లీ మన ప్రకటన దగ్గరకొద్దాం. ‘ఒరిజినల్ వీ-8’ కాదని తేలింది. ‘పోయినేడాది’ కాస్తా దశాబ్దం దాటింది. ఇక కొలత కాగితంలో 127 ఉంటే చాసిస్ మీద అతుకు ఉన్నట్టే. ఆ అతుకు ఎవరు, ఎలా వేశారో మంచి వెల్డర్ బండి కిందికి దూరి చూసేదాకా బేరం లేదు. చూసి బాగుందంటే, రేకు గట్టిదైతే, టైటిల్ ఆయన పేరు మీదే ఉంటే అప్పుడు ధర మాట్లాడుకోవచ్చు. ప్రకటనలో రాసిన బండికి కాదు, ఎదురుగా ఉన్న బండికి. ఫొటోలు అడగ్గానే అమ్మేవాడు జవాబివ్వడం మానేశాడనుకోండి... బాధపడక్కర్లేదు. అదీ జవాబే.

సీ-10లు అదొక్కటే కాదు. మళ్లీ ఆదివారానికి ఇంకో లింకు వస్తుంది. ‘నాన్నా, ఇదెలా ఉంది?’

‘టైరు నంబరు పంపించు, చెబుతా!’